పైలట్ నమ్మని ఫోర్‌కాస్ట్, నమ్మే రన్‌వే

2022 జూలై 19న ఇంగ్లండ్‌లోని కోనింగ్స్‌బీలో థర్మామీటరు 40.3 డిగ్రీలు చూపించింది. బ్రిటన్‌లో అంత ఉష్ణోగ్రత అంతకుముందెప్పుడూ నమోదు కాలేదు. కోనింగ్స్‌బీలో ఉన్నది రాయల్ ఎయిర్ ఫోర్స్ స్థావరం. టైఫూన్ యుద్ధవిమానాలు అక్కడి నుంచి ఎగురుతాయి. దాంతో "అది ఎండ కాదు, జెట్ ఇంజిన్ల సెగ" అనే వాదన పుట్టింది. వాతావరణ మార్పును నమ్మనివాళ్లు ఆ మాటను చాలాకాలం తిప్పారు.

వినడానికి గట్టి వాదనే. అయితే అదే రోజు లండన్ నడిబొడ్డున సెయింట్ జేమ్స్ పార్కులో 40.2, క్యూ గార్డెన్స్‌లో 40.1 నమోదయ్యాయి. ఆ పార్కు చెరువులో దిగేవి బాతులు, యుద్ధవిమానాలు కావు. పాత రికార్డు 38.7 డిగ్రీలు, 2019లో కేంబ్రిడ్జ్‌లో నమోదైంది. జూలై 19 ఒక్కరోజే 46 కేంద్రాలు దాన్ని అందుకున్నాయి, లేదా దాటాయి. కోనింగ్స్‌బీ అంకెను పూర్తిగా పక్కన పెట్టినా కొత్త రికార్డు 40.2 అవుతుంది, అంతే తేడా.

పైగా ఆ వేడిని బ్రిటన్ వాతావరణ శాఖ ముందే చెప్పింది. తీవ్రమైన ఎండకు తన చరిత్రలోనే మొదటి రెడ్ వార్నింగ్ జూలై 15న ఇచ్చింది. 18న లూటన్ ఎయిర్‌పోర్టులో రన్‌వే పైపొర ఒకచోట ఉబ్బి లేవడంతో విమానాలు కొన్ని గంటలు ఆగిపోయాయి. సూచన నిజమైంది, రన్‌వే దెబ్బతింది. అయినా ఎక్కువ చర్చ నడిచింది థర్మామీటరు ఎక్కడ ఉందన్న దాని మీదే.

థర్మామీటరు ఎయిర్‌పోర్టులోనే ఎందుకు?

ఈ అనుమానం బ్రిటన్‌కే పరిమితం కాదు. హైదరాబాద్ ఉష్ణోగ్రత అని దశాబ్దాలుగా పత్రికల్లో వస్తున్నది బేగంపేట ఎయిర్‌పోర్టు దగ్గర కొలిచినది. విజయవాడ ఎండ అంటే గన్నవరం అంకె చెప్పడం మామూలే. గాలి దిశ, పీడనం, ఉష్ణోగ్రత ఎప్పటికప్పుడు తెలియకుండా విమానం లేవదు. అందుకే కొలిచే మనుషులూ పరికరాలూ అక్కడే స్థిరపడ్డారు. తర్వాత ఊళ్లు పెరిగి ఆ కేంద్రాలను చుట్టేశాయి. కాంక్రీటు మధ్య ఉన్న థర్మామీటరు కాస్త ఎక్కువ చూపించదా అని అడగడంలో తప్పేమీ లేదు. అడగాల్సిన ప్రశ్నే.

అమెరికాలో ఈ ప్రశ్న పట్టుకున్నవారు ఆంథొనీ వాట్స్. టీవీలో వాతావరణం చెప్పిన అనుభవం ఉన్న మనిషి. 2007 నుంచి వాలంటీర్లతో దేశమంతటా వాతావరణ కేంద్రాల ఫొటోలు తీయించారు. చాలా థర్మామీటర్లు ఏసీ మెషీన్ల పక్కన, తారు రోడ్ల దగ్గర ఉన్నాయని బయటపెట్టారు. అది ఉపయోగపడే పనే. కానీ 2011లో ఆయన సహరచయితగా వచ్చిన పరిశోధన పత్రంలో తేలింది వేరు. సరైన చోట లేని కేంద్రాల్లో కనిష్ఠ ఉష్ణోగ్రతలు ఎక్కువగా, గరిష్ఠాలు తక్కువగా పెరిగినట్టు కనిపించాయి. రెండూ కలిపి సగటు తీస్తే, పెరుగుదల మంచి కేంద్రాల్లో ఉన్నంతే ఉంది. బర్కిలీ భౌతిక శాస్త్రవేత్త రిచర్డ్ ముల్లర్‌ది కూడా ఇలాంటి కథే. పాత లెక్కల మీద అనుమానంతో ఆయన సొంతంగా మళ్లీ లెక్క వేయించారు. దానికి డబ్బిచ్చినవారిలో చమురు వ్యాపార కుటుంబానికి చెందిన చార్లెస్ కోచ్ ఫౌండేషన్ కూడా ఉంది. భూమి వేడెక్కడం నిజమేనని, దానికి కారణం దాదాపు మనుషులేనని 2012లో ఆయన బహిరంగంగా రాశారు. ఇక సముద్రాల మీద రన్‌వేలు ఉండవు. అక్కడా నీళ్లు వేడెక్కుతూనే ఉన్నాయి.

అనుమానం నిజమైన సందర్భాలూ లేకపోలేదు. 2024 మే 29న ఢిల్లీలోని ముంగేశ్‌పూర్‌లో 52.9 డిగ్రీలంటూ దేశమంతా గగ్గోలైంది. భారత వాతావరణ శాఖ తనిఖీ చేసి, ఆ సెన్సర్ దాదాపు 3 డిగ్రీలు ఎక్కువ చూపిస్తోందని ప్రకటించింది. ఒక పరికరం తప్పు చెప్పిందా లేదా అని తేల్చే పద్ధతి ఇది. పక్కన మంచి పరికరం పెట్టి చూస్తే సరిపోతుంది.

ఆరు గంటలకే తప్పితే, ఎనభై ఏళ్లకు ఎలా?

థర్మామీటరు మీద వాదన కన్నా మోడల్ మీద, అంటే రాబోయే వాతావరణాన్ని లెక్కకట్టే కంప్యూటర్ ప్రోగ్రామ్ మీద వాదన బలమైనది. విమానయానంలో ఉన్నవాళ్ల నోట అది తరచూ వినిపిస్తుంది. "సాయంత్రం దిగే ఎయిర్‌పోర్టులో మబ్బు ఎంత ఎత్తున ఉంటుందో పొద్దున సరిగ్గా చెప్పలేనివాళ్లు 2100లో భూమి ఉష్ణోగ్రత చెబుతారా?" అని. ఈ మాట వేరెవరన్నా అంటే కొట్టిపారేయొచ్చు. పైలట్ అంటే అంత తేలిగ్గా తీసెయ్యలేం. ఉద్యోగంలో భాగంగా రోజూ ఫోర్‌కాస్ట్ చదివి, కొన్ని గంటల్లో దాన్ని కళ్లారా సరిచూసుకునే వృత్తులు చాలా తక్కువ. మిగతావాళ్లకు ఫోర్‌కాస్ట్ తప్పితే గొడుగు లేక తడుస్తారు. పైలట్‌కైతే ఫ్యూయల్ లెక్క మారిపోతుంది.

పైలట్ చేతికొచ్చే కాగితం పేరు టాఫ్, అంటే ఎయిర్‌పోర్టు ఫోర్‌కాస్ట్. పెద్ద ఎయిర్‌పోర్టులకు 24 లేదా 30 గంటల కాలానికి ఇస్తారు, ఆరు గంటలకోసారి కొత్తది వస్తుంది. అది వర్తించేది జిల్లాకో నగరానికో కాదు, ఎయిర్‌పోర్టు చుట్టూ సుమారు 8 కిలోమీటర్ల మేరకే. ఉరుముల మేఘం 10 కిలోమీటర్ల అవతలి నుంచి వెళ్లిపోతే సూచన తప్పినట్టే లెక్క. ఇంత చిన్న చోట, ఇన్ని గంటలకు గాలి, విజిబిలిటీ, మబ్బు ఎత్తు చెప్పాలంటే వాతావరణ శాస్త్రంలో అదే అన్నిటికన్నా కష్టమైన పని. పైలట్లకు ఎదురయ్యేది సరిగ్గా అదే.

అంతర్జాతీయ పౌర విమానయాన సంస్థ, అంటే ఐకావో, ఈ సూచనల నుంచి ఎంత కచ్చితత్వం ఆశించాలో తన మూడో అనుబంధంలో రాసింది. గాలి దిశ 20 డిగ్రీల లోపు, వేగం 5 నాట్ల లోపు తేడాతో నూటికి 80 సార్లు సరిపోవాలి. వెయ్యి అడుగుల లోపు మబ్బు ఎత్తు 100 అడుగుల తేడాతో 70 సార్లు సరిపోవాలి. అంటే మబ్బు ఎత్తు పదింట మూడుసార్లు తప్పినా ఆ ప్రమాణం ప్రకారం ఫరవాలేదు. తప్పడం ఈ ఏర్పాటులో ముందే లెక్కలోకి తీసుకున్న సంగతి. ఆల్టర్నేట్ ఎయిర్‌పోర్టు (దిగడం కుదరకపోతే వెళ్లే మరో ఎయిర్‌పోర్టు), రిజర్వ్ ఫ్యూయల్ అన్నవి ఆ లెక్క మీదే పుట్టాయి.

టాఫ్‌లో ఇంకో మెలిక ఉంది. ఉరుములకు అవకాశం 30 శాతం లోపైతే సాధారణంగా రాయరు. 30 లేదా 40 శాతమైతే ఆ అంకెతోనే రాస్తారు. 50 శాతానికి చేరితే అవకాశం అనే మాట వదిలేసి, అది జరిగేదిగానే రాస్తారు. "ఉరుములకు 30 శాతం" అని రాసిన రోజుల్లో పదింట ఏడుసార్లు ఏమీ జరగదు. ఫోర్‌కాస్టర్ పని సరిగ్గా చేసినట్టు రుజువు అదే. కాక్‌పిట్‌లో ఉన్నవాళ్లకు మాత్రం అనవసరంగా ఫ్యూయల్ మోసిన ఆ ఏడుసార్లే గుర్తుంటాయి. తప్పుడు హెచ్చరిక వల్ల డబ్బు పోతుంది, ఇవ్వని హెచ్చరిక వల్ల ప్రాణాలు పోతాయి. అందుకని ఫోర్‌కాస్టర్ భద్రత వైపే మొగ్గుతాడు. ఈ మొగ్గు సంవత్సరాల తరబడి చూసిన పైలట్‌కు "వీళ్లు ఎప్పుడూ భయపెడతారు" అనిపించడం సహజం. అదే అభిప్రాయం వాతావరణ మార్పు వార్తల మీదికీ పాకుతుంది.

పొగమంచు సంగతి మరీ ఇబ్బంది. ఉష్ణోగ్రత ఒక డిగ్రీ అటూ ఇటూ అయితే మంచు పడుతుందో లేదో మారిపోతుంది. సంక్రాంతి రోజుల్లో గన్నవరం మీద చక్కర్లు కొట్టిన విమానాల వార్తలు, ఢిల్లీలో మంచు పట్టి శంషాబాద్‌లో ఆగిపోయిన ప్రయాణికుల వార్తలు ఏటా చూస్తున్నవే. ఢిల్లీ ఎయిర్‌పోర్టులో మంచు ఎలా పుడుతుందో కొలవడానికి 2015 చలికాలం నుంచి పుణే శాస్త్రవేత్తలు, భారత వాతావరణ శాఖ కలిసి ప్రత్యేక పరిశోధన నడుపుతున్నారు. ఒక్క ఎయిర్‌పోర్టు మంచు కోసం ఇన్నేళ్ల శ్రమ!

ముప్పై అయిదు వేల అడుగుల ఎత్తున నమ్మకం

అయితే అదే పైలట్ ఇంకో ఫోర్‌కాస్ట్‌ను మారుమాట లేకుండా నమ్ముతాడు. ప్రపంచమంతటికీ పైగాలుల అంచనాలు రెండే కేంద్రాల నుంచి వస్తాయి, లండన్ నుంచి, వాషింగ్టన్ నుంచి. హైదరాబాద్ నుంచి దుబాయ్‌కి ఎంత ఫ్యూయల్ పోయాలో, ఏ ఎత్తున వెళ్లాలో తేల్చేది ఆ గాలుల లెక్కే. వాటికి ఐకావో ఆశించే ప్రమాణం 10 నాట్ల తేడాతో నూటికి 90 సార్లు. 2020 ఫిబ్రవరిలో సియారా తుపాను ముందు జెట్ స్ట్రీమ్ (చాలా ఎత్తున పడమటి నుంచి వేగంగా వీచే గాలి) విపరీతంగా బలపడినప్పుడు బ్రిటిష్ ఎయిర్‌వేస్ 747 ఒకటి న్యూయార్క్ నుంచి లండన్‌కు 4 గంటల 56 నిమిషాల్లో చేరింది. ఆ గాలి ఎక్కడ ఉంటుందో ముందే తెలియడం వల్లే ఆ దారి పట్టారు.

ఒకే మోడల్, ఒకే రోజు, నేల దగ్గర మబ్బు ఎత్తు దగ్గర తడబడి పైగాలి దగ్గర నిలబడడానికి కారణం చోటు ఎంత పెద్దదన్నది. వేల కిలోమీటర్ల మేర పరుచుకున్న గాలి నిదానంగా మారుతుంది, దాన్ని పట్టుకోవడం సులువు. ఎంత చిన్న చోటు అడిగితే అంత కష్టం. తుపాన్లలోనూ ఇంతే. 2023 డిసెంబరులో మిచౌంగ్ నెల్లూరు, మచిలీపట్నం మధ్య తీరం దాటుతుందని భారత వాతావరణ శాఖ ముందే చెప్పింది. 5న బాపట్ల దగ్గర దాటింది. ఏ ఊరి పక్కన, ఏ గంటకు అన్నది ఆఖరి దాకా తేలదు. కానీ ఆ పట్టీ మీద ఎగరాల్సిన విమానాలకు ఆ మాత్రం చాలు.

ఈ ఫోర్‌కాస్టులు మెరుగవుతున్న మాట కూడా నిజమే. సుమారుగా పదేళ్లకు ఒక రోజు చొప్పున ముందుకు జరుగుతున్నాయి. ఇవాళ్టి ఆరో రోజు అంచనా పదేళ్ల కిందటి అయిదో రోజు అంచనాతో సమానంగా ఉంటుంది. అందులో విమానాల పాత్ర తక్కువేమీ కాదు. ఎగురుతూనే గాలి, ఉష్ణోగ్రత కొలిచి పంపుతాయి. 2020లో కోవిడ్‌తో విమానాలు నేలకు దిగినప్పుడు ఆ సమాచారం పడిపోయి, వాతావరణ కేంద్రాలకు టెన్షన్ పట్టుకుంది. పైలట్ విసుక్కునే ఫోర్‌కాస్ట్‌లో ఆయన విమానం పంపిన అంకె కూడా ఉంటుంది.

గందరగోళానికీ హద్దు ఉంటుంది

రెండు వారాలకు మించి ఏ రోజుకారోజు వాతావరణం చెప్పలేకపోవడానికి మోడళ్ల చేతగానితనం ఒక్కటే కారణం కాదు. 1961లో అమెరికాలోని ఎమ్‌ఐటీలో వాతావరణ శాస్త్రవేత్త ఎడ్వర్డ్ లోరెంజ్ తన కంప్యూటర్‌కు 0.506127 బదులు 0.506 అని అంకె కుదించి ఇచ్చారు. కొంతసేపు పాత ఫలితమే వచ్చి, తర్వాత పూర్తిగా వేరే వాతావరణం తయారైంది. మొదట్లో వెంట్రుకవాసి తేడా చివరికి మొత్తాన్ని మార్చేస్తుందని 1963లో ఆయన ప్రచురించారు. వాతావరణ మార్పును నమ్మనివాళ్లు ఈ సగం కథ బాగా చెబుతారు. రెండో సగం ఏమిటంటే, లోరెంజ్ లెక్కలో ఆ క్షణపు వాతావరణాన్ని సూచించే బిందువు ఎటు తిరుగుతుందో చెప్పలేకపోయినా, అది తిరిగే ఆవరణ మాత్రం స్థిరంగా ఉంటుంది. సమీకరణంలో స్థిరాంకాలు మార్చితేనే ఆ ఆవరణ మారుతుంది.

రోహిణి కార్తెలో రోళ్లు పగులుతాయని చెప్పినవాళ్లు మే 28 మధ్యాహ్నం మూడింటికి ఎంత ఎండో చెప్పలేదు. మృగశిరకు వాన వస్తుందన్నారు గాని ఏ రోజో చెప్పలేదు. అయినా తరాల రైతులు దాన్ని నమ్మి దుక్కి దున్నారు. శీతోష్ణస్థితి, అంటే చాలా ఏళ్ల సగటు వాతావరణం, దాని అంచనా ఈ కోవలోది. అక్కడి ప్రశ్న మొదటి అంకె మీద ఆధారపడదు, భూమికి ఎంత శక్తి వచ్చి ఎంత పోతోందన్న దాని మీద ఆధారపడుతుంది. కార్బన్ డయాక్సైడ్ ఆ లెక్కను ఎలా మారుస్తుందో 1896లోనే స్వీడన్ శాస్త్రవేత్త స్వాంటే ఆరీనియస్ చేత్తో లెక్కకట్టారు. 1967లో స్యుకురో మనాబే, రిచర్డ్ వెదరాల్డ్ కంప్యూటర్ మీద చేశారు. ఆ పనికే మనాబేకు 2021లో నోబెల్ వచ్చింది.

ఈ అంచనాలు సరిపోయాయో లేదో చూడడానికి ఇప్పుడు యాభై ఏళ్ల రికార్డు ఉంది. 1970 నుంచి 2007 దాకా వెలువడిన 17 అంచనాలను ఒక పరిశోధన బృందం తర్వాతి నిజమైన ఉష్ణోగ్రతలతో పోల్చింది. 10 నేరుగా సరిపోయాయి. కార్బన్ డయాక్సైడ్ లాంటి వాయువులు ఎంత పెరుగుతాయన్న ఊహను సరిచేసి చూస్తే 14 సరిపోయాయి. 1988లో నాసా శాస్త్రవేత్త జేమ్స్ హాన్సెన్ బృందం ఇచ్చినది వేడిని కాస్త ఎక్కువ చేసి చెప్పింది. అదే హాన్సెన్ 1991లో పినటుబో అగ్నిపర్వతం పేలాక భూమి దాదాపు అర డిగ్రీ చల్లబడుతుందని ముందే చెప్పారు, అలాగే చల్లబడింది. వేడెక్కుతుందని తప్ప ఇంకేమీ చెప్పడం రాని మోడళ్లు అయితే ఇది సాధ్యం కాదు.

వాతావరణం చెప్పడమే వృత్తిగా ఉన్నవాళ్లలోనూ ఈ అనుమానం ఒకప్పుడు గట్టిగా ఉండేది. 2010లో అమెరికా టీవీ ఫోర్‌కాస్టర్ల మీద జార్జ్ మేసన్ యూనివర్సిటీ చేసిన సర్వేలో సగానికి కాస్త పైన మందే భూమి వేడెక్కుతోందని ఒప్పుకున్నారు. నూటికి పాతిక మందికి పైగా అదొక మోసం అన్నారు. మోడళ్లు తప్పడం రోజూ చూసేవాళ్లకు అలా అనిపించడంలో వింత లేదు. 2017 నాటికి మార్పు జరుగుతోందన్నవారు 95 శాతానికి చేరారు. మనుషులే ప్రధాన కారణమా అన్న ప్రశ్నకు మాత్రం అంత ఏకాభిప్రాయం రాలేదు.

కాంక్రీటులో పోసిన సగటు

పైలట్ల వాదనలో అసలు చిక్కు వేరే చోట ఉంది. విమానయానం శీతోష్ణస్థితి లెక్కలను నమ్మకుండా ఒక్క అడుగు వేయలేదు. రన్‌వే ఏ దిశలో ఉండాలో తేల్చేది దీర్ఘకాల గాలి లెక్కలే. అడ్డగాలి పరిమితి దాటకుండా నూటికి 95 వంతుల సమయం వాడగలిగేలా రన్‌వేలు ఉండాలని, అందుకు కనీసం అయిదేళ్ల గాలి వివరాలు, రోజుకు ఎనిమిదిసార్లు కొలిచినవి చూడాలని ఐకావో పద్నాలుగో అనుబంధం చెబుతుంది. రేపు గాలి ఎటు వీస్తుందో అది చెప్పదు. ముప్పై ఏళ్ల పాటు ఎక్కువ రోజులు ఎటు వీస్తుందో చెబుతుంది. దాని మీద వందల కోట్లు పోసి కాంక్రీటు వేస్తారు.

పొడవు కూడా అంతే. అత్యంత వేడి నెలలో రోజువారీ గరిష్ఠ ఉష్ణోగ్రతల సగటును కొన్నేళ్లకు తీసి, దాన్ని ఆ ఎయిర్‌పోర్టు రిఫరెన్స్ ఉష్ణోగ్రతగా పెట్టుకుంటారు. ఆ ఎత్తుకు ఉండాల్సిన ప్రామాణిక ఉష్ణోగ్రత కన్నా ప్రతి డిగ్రీ ఎక్కువకు రన్‌వే ఒక శాతం పొడవు పెంచాలి. ఎత్తు ప్రతి 300 మీటర్లకు 7 శాతం పెంచాలి. వేడి గాలి పలచన, రెక్కకు ఎత్తే బలం, ఇంజిన్‌కు తోసే బలం రెండూ తగ్గుతాయి. మే నెలలో మధ్యాహ్నం టేకాఫ్‌కు ఎక్కువ దూరం పరుగెత్తాలని తెలియని పైలట్ ఉండడు. గడిచిన దశాబ్దాల సగటు రాబోయే దశాబ్దాలకూ పనికొస్తుందనే నమ్మకం మీదే ప్రతి టేకాఫ్ జరుగుతోంది. అదీ ఒక శీతోష్ణస్థితి అంచనాయే, కాకపోతే "ఏమీ మారదు" అనే అంచనా.

ఆ అంచనా అక్కడక్కడా పట్టు తప్పుతోంది. 2017 జూన్‌లో అమెరికాలోని ఫీనిక్స్‌లో ఉష్ణోగ్రత 48 డిగ్రీల దరిదాపులకు చేరితే, ఆ వేడికి టేకాఫ్ లెక్కలు లేని చిన్న సీఆర్‌జే జెట్ల సర్వీసులు పదుల సంఖ్యలో రద్దయ్యాయి. గ్రీస్‌లోని పది ఎయిర్‌పోర్టుల పాత రికార్డుల మీద 2020లో వచ్చిన అధ్యయనం ఇంకా ఆసక్తికరం. పొట్టి రన్‌వే ఉన్న కియోస్ దీవిలో ఎయిర్‌బస్ ఎ320 విమానం మోయగలిగే బరువు ఏడాదికి 127 కిలోల చొప్పున తగ్గుతూ వచ్చిందని లెక్క తేలింది. వేడి పెరగడం, ఎదురుగాలి తగ్గడం రెండూ కారణాలు. ఏ ఒక్క పైలట్‌కూ ఏ ఒక్క రోజూ ఇది కంటికి కనిపించదు.

ఇంకా తేలని విషయాలను తేలినట్టు చెప్పడం కూడా పొరపాటే. ఉత్తర అట్లాంటిక్ మీద ఒక సగటు చోట మబ్బులేని ఆకాశంలో తీవ్రమైన కుదుపులు ఉండే సమయం 1979, 2020 మధ్య 55 శాతం పెరిగిందని బ్రిటన్‌లోని రీడింగ్ యూనివర్సిటీ 2023లో చెప్పింది. అది గాలుల రికార్డుల నుంచి లెక్కకట్టిన అంకె, విమానాలు లెక్కపెట్టిన కుదుపులు కావు. 2024 మే 21న మయన్మార్ మీద సింగపూర్ ఎయిర్‌లైన్స్ విమానం కుదుపులకు ఒక ప్రయాణికుడు చనిపోయినప్పుడు, రెండిటినీ కలిపి వాతావరణ మార్పే చంపిందన్నట్టు కొన్ని వార్తలొచ్చాయి. ఆ విమానం వెళ్తున్నది ఉరుముల మేఘాలు లేచే ప్రాంతం మీద. అట్లాంటిక్ జెట్ స్ట్రీమ్ లెక్కను అక్కడ అతికించడానికి ఆధారం లేదు. పైలట్లు ఇలాంటివి చదివి పెదవి విరిస్తే తప్పు వాళ్లది కాదు. వర్షాకాలం ఎటు మారుతుంది, ఒక ఎయిర్‌పోర్టులో అడ్డగాలి ఎంత పెరుగుతుంది అన్న ప్రశ్నలకూ మోడళ్లు ఇంకా పొంతన లేని జవాబులే ఇస్తున్నాయి.

వేడి విషయంలో మాత్రం జవాబు స్పష్టం. 2024లో ప్రపంచ సగటు పారిశ్రామిక యుగానికి ముందుకన్నా దాదాపు 1.55 డిగ్రీలు ఎక్కువని ప్రపంచ వాతావరణ సంస్థ తేల్చింది. రిఫరెన్స్ ఉష్ణోగ్రత "కొన్నేళ్ల సగటు" కావాలంటుంది నిబంధన, ఏ ఏళ్లో చెప్పదు. భోగాపురం లాంటి కొత్త ఎయిర్‌పోర్టు యాభై ఏళ్లు పనిచేయాలి. అలాంటిచోట 1990ల ఎండలతో లెక్క కట్టాలా, గత పదేళ్లవా, 2050కి మోడళ్లు చెబుతున్నవా అన్నది డిజైన్ చేసేవాళ్లు తేల్చుకోవాల్సిందే. డిగ్రీకి ఒక శాతం చొప్పున, 3 కిలోమీటర్ల రన్‌వేకు ప్రతి డిగ్రీకీ 30 మీటర్లు కలపాలి.